అమ్మమ్మ చేతిచలువ: బిల్ విథర్సు అను పాటగాని చరిత్రము

సోదరీమణులారా! మన యిండ్లలో మాట తడబడు బిడ్డ యొకడున్నచో వానిని నలుగురిలో మాటలాడింప మనము జంకుదుము. చుట్టములు వచ్చి యేదేని యడిగినపుడు వానికి బదులుగా మనమే జవాబు చెప్పివేయుదుము. తోడిపిల్లలు వెక్కిరింతురు. బడిలో పద్యము నప్పగింపవలసిన దినమున ఆ బిడ్డ కడుపునొప్పి యని చెప్పి మూలగదిలో పండుకొనును. అట్టి బిడ్డ పెద్దవాడై వేలకొలది జనుల యెదుట నిలిచి పాడుననియు, వాని పాట దేశదేశముల ప్రజలకు కష్టకాలమున ధైర్యవచన మగుననియు ఎవరైన జోస్యము చెప్పినచో నమ్ముదుమా? అమెరికాలో ఒక ముదుసలి తన మనుమని విషయమున, వాడు తప్పక బాగుపడునని, ఏ జోస్యమును అడుగకయే నమ్మెను. ఆ మనుమని చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పశ్చిమ వర్జీనియా యను కొండసీమ కలదు. అది బొగ్గుగనులకు ప్రసిద్ధి. అందు స్లాబ్ ఫోర్కు అను చిన్న గనిపల్లెలో 1938వ సంవత్సరము జూలై 4వ తేదీన విలియం హారిసన్ విథర్సు జన్మించెను. లోకము అతనిని బిల్ విథర్సు అని పిలిచినది. ఆరుగురు సంతానములో అతడే కడగొట్టువాడు. తండ్రి గనిలో పనిచేయువాడు. తల్లి మాటీ పరుల యిండ్లలో పాచిపని చేసి బిడ్డలను పోషించినది. వారిది నల్లజాతి కుటుంబము. ఆ రాష్ట్రమున అప్పటికి నల్లవారి బిడ్డలకు వేరుబడులు, తెల్లవారి బిడ్డలకు వేరుబడులు ఉండెడివి. తలిదండ్రులు విడిపోవుటచే బాలుడు సమీపమున నున్న బెక్లీ పట్టణమందు తల్లివైపు వారి నీడను పెరిగెను. అతనికి 13 ఏండ్లు వచ్చునప్పటికి తండ్రియు గతించెను.

ఈ పిల్లవానికి లోపములు ఒకటి కావు. ఈడు ఆడపిల్లలకంటెను పొట్టివాడు. ఉబ్బసవ్యాధి కలదు. వీనికి తోడు నత్తి. నోరు విప్పబోయిన మాట గొంతులోనే చిక్కుకొనెడిది. ఇట్టివానివలన ఏమగునని ఊరివారు జాలిపడుచుండగా అమ్మమ్మ లూలా మాత్రము, ‘వీనికేమి, వీడు బాగుండును’ అను భావముతోనే వానిని చూచినది. బలహీనుడైన బిడ్డకు తనయందు నమ్మకముంచిన మనిషి యింటిలో ఒక్కరున్న చాలునని విథర్సు ముసలితనము వరకు చెప్పుకొనుచుండెను.

ఆదివారమునాడు అమ్మమ్మ మనుమని చేయిపట్టుకొని చర్చికి తీసికొనిపోవునది. అచ్చటి గానము శిక్షితమైన కచేరీ కాదు. భక్తి పొంగినవారు తమంత తాము లేచి పాడుదురు, తక్కినవారు చప్పట్లు చరచుచు గొంతు కలుపుదురు. మన భజనగోష్ఠులను చూచినవారికి ఆ దృశ్యము కొత్తగా తోచదు. ‘సోల్’ అను గానపద్ధతి యిట్టి చోటులనే మొలకెత్తినది. ఆ యాంగ్లపదమునకు ఆత్మ యని యర్థము. చర్చీలలోని భక్తిగీతములును, బ్లూస్ అనబడు శోకగీతములును కలియగా నల్లజాతివారి నడుమ 1950 తరువాత ఆ పద్ధతి రూపుగట్టి, 1960 మొదలు రెండు దశాబ్దములు లోకమంతట మ్రోగెను. అందు స్వరచమత్కృతికంటె, పాడువాని హృదయము ఎంత కరగినదో వినువారికి తెలియుటయే ప్రధానము. బిల్ విథర్సు ఈ పద్ధతిలో పాడుటయే కాక, పాటలను తానే వ్రాసికొనెను.

బొగ్గుగనిలోనికి దిగక బ్రతుకుదెరువు వెదకికొనవలెనని అతడు 17 ఏండ్ల వయసున నౌకాదళమున చేరెను. నౌకాదళమందు నల్లవారిని అంతకుముందు వంటకును వడ్డనకును మాత్రమే తరచుగా వినియోగించెడివారు. తాను వంటవాడు కారాదని పట్టుపట్టి అతడు విమానముల మరమ్మతు నేర్చుకొనెను. నీకీ పని చేతనగునా యని చూచువారి చూపులను సహించి, చేతనగునని పనిచేతనే చూపెను. అచ్చట గడపిన తొమ్మిదేండ్లలో అతడు నత్తిని జయించిన విధము మనము గమనింపదగినది. మందు మ్రింగలేదు. తన మాట ఎందులకు తడబడుచున్నదని తానే ఆలోచించుకొనెను. వినువారు తననుగూర్చి ఏమనుకొందురో యను భయమే దానికి మూలమనియు, ఎదుటివారినందరిని తనకంటె గొప్పవారినిగా ఎంచుటయే దోషమనియు గ్రహించెను. భయము తగ్గినకొలది నాలుక వదులయ్యెను. ఆ దినములలోనే అతనికి పాటలు వ్రాయు తలపు కలిగినది.

1965లో నౌకాదళమును విడిచిన పిమ్మట కాలిఫోర్నియాలో ఇంటింటికి పాలసీసాలు చేర్చు పని చేసెను. సాంటా క్లారా జిల్లాలో ఆ పని చేసిన మొదటి నల్లవాడు అతడే. తరువాత విమానభాగములను తయారుచేయు కర్మాగారములలో పనిచేసెను. అందొక చోట అతని పని పెద్ద విమానములకు మరుగుదొడ్లు అమర్చుట. ఒకనాటి రాత్రి ఓక్లండు పట్టణమున లూ రాల్స్ అను పేరుపొందిన గాయకుని పాట వినబోయెను. గాయకుడు ఆలసించెను. ఆ శాల యజమాని విసుగుకొని, వారమునకు 2,000 డాలర్లు ఇచ్చుచున్నను వేళకు రాడాయెనే యని గొణిగెను. ఆ మాట విథర్సు చెవిని పడినది. అతని కూలి గంటకు 3 డాలర్లు. మరునాడే తాకట్టుదుకాణమునకు పోయి చౌకలో ఒక గిటారు కొనెనని చెప్పుదురు. పగలు కర్మాగారమున పనిచేసి, రాత్రులు గిటారు పట్టుట నేర్చి, పాటలు వ్రాసి, కూడబెట్టిన కూలిడబ్బుతో వానిని మచ్చునకు ధ్వనిముద్రణము చేయించి కంపెనీల చుట్టు తిరిగెను.

క్లారెన్సు అవాంట్ అను నల్లజాతి వ్యాపారి తన ససెక్స్ కంపెనీ పక్షమున అతనిని చేరదీసెను. బుకర్ టి. జోన్స్ అను సంగీతవేత్త ముద్రణమునకు పూనుకొనెను. 1971లో ‘జస్ట్ యాజ్ ఐ యామ్’, అనగా ‘ఉన్నది ఉన్నట్లు’, అను పేరుతో మొదటి పాటలపలక వెలువడెను. దాని అట్టమీది చిత్రమున అతడు కర్మాగారపు వాకిట అన్నపుడబ్బా చేతబట్టుకొని నిలిచియుండును. అది వేషము కాదు. ఆ చిత్రము తీయునాటికి అతడింకను అచ్చట కూలివాడే. పాటలవ్యాపారము నేడుండి రేపు పోవునది, చేతిలోని పనిని విడువరాదని అతని లెక్క. అప్పటికి అతని వయసు 32 ఏండ్లు దాటినది. తక్కిన గాయకులు ఇరువదేండ్లకే పేరు గడించు చోట ఇది ఆలస్యమే.

ఆ పలకలోని ‘ఎయిన్ట్ నో సన్‌షైన్’ అను పాట అతని బ్రతుకును మార్చినది. భార్యాభర్తలిద్దరు త్రాగుడునకు లోబడి చెడిపోవు కథ గల యొక చలనచిత్రమును చూచి అతడు దానిని వ్రాసెను. ప్రియురాలు ఇల్లు విడిచిపోగా సూర్యుడే మరుగైనట్లు తలచు పురుషుని వేదన అందలి విషయము. నిడివి రెండు నిమిషములు మాత్రమే. నడుమ ఒకచోట ఇంకను మాటలు కూర్పవలసియుండగా, తాత్కాలికముగ ‘నాకు తెలియును’ అను నర్థము గల రెండే మాటలను వెంటవెంట పాడుకొనిపోయెను. అచ్చటనున్న వాద్యగాండ్రు దానిని మార్పవలదు, అట్లే యుంచుమనిరి. అనుభవజ్ఞుల మాట వినుట మేలని అతడు ఒప్పుకొనెను. ఆ మాటలు 26 పర్యాయములు వచ్చును. తెలిసియు మానలేని మనసు అవస్థ దానికంటె చక్కగా చెప్పుట సాధ్యము కాదు. కంపెనీవారు ఈ పాటను చిన్నపలకకు వెనుకవైపున వేసిరి. రేడియోవారు పలకను త్రిప్పి వెనుకవైపునే వినిపించిరి. పదిలక్షలకు పైగా పలకలు అమ్ముడుపోయెను. 1972లో గ్రామీ యను బహుమానము లభించెను. కంపెనీవారు అతని పూర్వపు పనిని తలపించునట్లు బంగారురంగు మరుగుదొడ్డిపీటను కానుకగా ఇచ్చిరట. అతడు దానికి నవ్వుకొనెనే గాని చిన్నబుచ్చుకొనలేదు.

అయినను మన స్త్రీలకు ఆ పలకలో ముఖ్యముగ వినదగినది మరియొక పాట. దాని పేరు ‘గ్రాండ్మాస్ హాండ్స్’, అనగా అమ్మమ్మ చేతులు. అందు అమ్మమ్మ రూపవర్ణన లేదు, గుణకీర్తనము లేదు. ఆమె చేతులు మాత్రము కనబడును. అవి చర్చిలో చప్పట్లు చరచును, కంజిరవంటి వాద్యమును మ్రోగించును. పరుగెత్తు మనుమని పడెదవని వారించును. పెండ్లికాకయే తల్లియైన యొక పిల్లను ఊరివారు వెలివేయునట్లు చూచుచుండగా ఈ చేతులు ఆమె మొగము పైకెత్తి ఓదార్చును. తల్లి కొట్టబోవునపుడు అడ్డుపడును. మిఠాయి పెట్టును. ఒక్కొక్కప్పుడు నొప్పిచే వాచును. ఇవి మన యింటి పెద్దల చేతులు కావా? ఏ కాగితములోను వ్రాయబడని ఇట్టి చాకిరిని రెండు నిమిషముల పాటలో ఆ మనుమడు లోకమునకు వినిపించెను.

మరుసటి యేడు, 1972లో, ‘లీన్ ఆన్ మి’ అను పాట వచ్చెను. నామీద ఆనుకొనుము, నీకు బలము నేనౌదును, రేపు నాకును నీ యాసరా కావలసివచ్చును, అని స్నేహితునితో చెప్పు పాట యది. అది పుట్టిన తీరు విచిత్రము. అతడొక చిన్న విద్యుత్పియానోను కొనెను. వాయించుట సరిగా రాదు. మన పిల్లలు సరళీస్వరములు నేర్చుకొనునట్లు మెట్లమీద వ్రేళ్లను వరుసగా పైకిని క్రిందికిని నడపుచుండగా ఆ వరుసయే పాటయైనది. అందుచేతనే పసిపిల్లలుకూడ ఒక్కసారి విని దానిని పాడగలరు. గొప్ప నగరములలో పొరుగువాని పేరు తెలియక బ్రతుకువారికి ఈ భావము తోచదనియు, తన గనిపల్లెలో ఒకరి కష్టము పదిమందిది కావుననే తనకు తోచెననియు అతడు చెప్పెను.

దానికి దృష్టాంతముగ అతడు చెప్పిన సంగతి యొకటి. యౌవనమున అలబామా రాష్ట్రమున కారులో పోవుచుండగా చక్రపు టైరు పగిలినది. మంచి టైరు కొనుటకు డబ్బులేదు. నల్లవానికి ఆ సీమలో ఒంటరితనము ప్రమాదకరము. ఇంతలో గుట్టమీదినుండి మొరటు రూపము గల తెల్లవాడొకడు వచ్చి చూచి, మరల గుట్ట దాటి పోయెను. ఏమి కీడు మూడునోయని ఇతడు భయపడుచుండగా ఆ మనిషి ఒక టైరును చేతబట్టుకొని తిరిగివచ్చి, తానే సాయపడి చక్రమునకు తొడిగెను. పరస్పరము భయపడవలసిన ఇరువురి నడుమ జరిగిన ఆ సాయము విథర్సు మరువలేదు. ‘లీన్ ఆన్ మి’ ఆ వేసవిలో దేశమంతట మొదటి స్థానమును పొందెను. ‘యూజ్ మి’ అను మరియొక పాట రెండవ స్థానమును పొందెను.

ఆ యేటి అక్టోబరులో న్యూయార్కునందలి కార్నెగీ హాలను ప్రఖ్యాతశాలలో అతడు కచేరి చేసెను. అప్పటికి వియత్నాము యుద్ధము ముగియలేదు. కుడిచేయి పోగొట్టుకొని యింటికి వచ్చిన యొక యువసైనికుని గూర్చి అతడు ఆనాడు ఒక పాట పాడెను. ఎడమచేత వ్రాయుట రాదు గనుక తన తల్లికి ఒక ఉత్తరము వ్రాసిపెట్టుమని ఆ సైనికుడు ఎవరినో వేడుకొనును. యుద్ధమును దూషించు మాట అందు ఒకటియు ఉన్నట్లు తోచదు. బిడ్డను యుద్ధమునకు పంపిన తల్లికి ఆ ఉత్తరము చాలును.

కీర్తి వచ్చిన దారినే చిక్కులును వచ్చినవి. 1973లో నటీమణి డెనీస్ నికొలసుతో జరిగిన వివాహము ఏడాది దాటునప్పటికి విడిపోయినది. ససెక్స్ కంపెనీతో డబ్బు తగవులు కలిగి, కోపమున తాను ముద్రించిన పాటలపలక నొకదానిని తానే చెరిపివేసెనట. ఆ కంపెనీ 1975లో మూతపడగా కొలంబియా కంపెనీలో చేరెను. అచ్చట 1977లో ‘లవ్లీ డే’ అను ఉల్లాసగీతమును పాడెను. దాని చివర ఒకే స్వరమును 18 సెకనులు ఊపిరి విడువక పట్టుట వినువారిని నేటికిని ఆశ్చర్యపరచును. చిన్నతనమున ఉబ్బసముతో ఆయాసపడిన గొంతు అది యని తలచినచో ఆశ్చర్యము ఇనుమడించును. 1981లో గ్రోవర్ వాషింగ్టన్ అను సాక్సఫోను విద్వాంసునితో కలసి పాడిన ‘జస్ట్ ది టూ ఆఫ్ అస్’ మరియొక గ్రామీ బహుమానము తెచ్చెను.

కాని కొలంబియాలోని అధికారులకును అతనికిని పొసగలేదు. నల్లవారి సంగీతము ఎట్లుండవలెనో వారు అతనికి బోధింపజూచిరి. ఒకరు అతనిని ప్రెస్లీ పాడిన యొక పాటను తిరిగి పాడుమని సలహా యిచ్చిరి. తన పాటలను తానే వ్రాయువానికి ఇది తలవంపుగా తోచెను. 1978 తరువాత ఏడేండ్లవరకు అతని పలక ఒకటియు వెలువడలేదు. 1985లో ఒకటి వచ్చెను. అదియే కడపటిది. 47వ యేట, గొంతు బాగుగనే యుండగా, అతడు వేదికను విడిచి యింటికి పోయెను. తిరిగి పాడుమని ఎందరు పిలిచినను పోలేదు.

లోకము దీనిని వింతగా చెప్పుకొన్నది. కాని అతని పూర్వచరిత్ర తెలిసిన మనకు వింత యేమి? కీర్తి రాకముందు అతడు 32 ఏండ్లు సామాన్యుడై బ్రతికినవాడు. పాలసీసాలు మోసినవాడు, మరుగుదొడ్లు అమర్చినవాడు. పేరు లేని బ్రతుకు అతనికి భయంకరము కాదు. చప్పట్లు లేనిచో ప్రాణము పోవునని తలచువాడే యజమానుల మాటకెల్ల తల యొగ్గవలసివచ్చును.

అతడట్లు నిబ్బరముగ ఉండగల్గుటకు ఇల్లాలి తోడ్పాటును కారణము. 1976లో మార్షియా జాన్సను అతనిని వివాహమాడెను. వారికి టాడ్ అను కుమారుడు, కోరీ యను కుమార్తె. పాటల హక్కులకు సంబంధించిన వ్యాపారమును మార్షియాయే నడపినది. ఇతరులు ఆ పాటలను పాడినపుడు, చలనచిత్రములలో వాడినపుడు రావలసిన పైకము కుటుంబమునకు చేరుచుండెను. 1988లో ‘లీన్ ఆన్ మి’ని వేరొక బృందము పాడగా, వ్రాసినవాడగుటచే మూడవ గ్రామీ అతని యింటికే వచ్చినది. ఎందరో గాయకులు లెక్కలు తెలియక తమ పాటలను అమ్ముకొని తుదకు పేదలై పోయిన దేశమది. ఇంటి లెక్క సరిగా చూచు గృహిణి యుండుటచే ఈ సంసారమునకు ఆ గతి పట్టలేదు.

2009లో అతని జీవితముమీద ‘స్టిల్ బిల్’ అను చిత్రము వెలువడెను. అందు అతడు నత్తి గల పిల్లలు ఆటలాడి పాటలు పాడు న్యూయార్కునందలి యొక నాటకబృందమును చూడబోవును. తడబడుచు, ఆగుచు, అయినను విడువక మాటలాడు ఆ పసివారిని చూచి ఆ వృద్ధుని కన్నులు చెమర్చును. ఆ చిత్రమందే అతడు చెప్పిన మాట యొకటి లోకమున వ్యాపించినది. తన బిడ్డలకు అతడు బోధించునదియు అదియే: మహాద్భుతమైన చోటికి బయలుదేరుట మంచిదే, కాని దారిలో ‘ఫరవాలేదు, బాగుగనే యున్నది’ అను మజిలీ తగులును, ఆ మజిలీని కన్నులార చూచుకొనుడు, ఏలయన మీరు చేరునది అంతవరకే కావచ్చును అని దాని భావము.

2015లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున అతనికి స్థానమిచ్చిరి. అంధగాయకుడు స్టీవీ వండర్ అతనిని సభకు పరిచయము చేసెను. 2020 మార్చి 30వ తేదీన లాస్ ఏంజిలీసు నగరమున హృద్రోగముచే అతడు కన్నుమూసెను. వయసు 81 ఏండ్లు. అది కోవిడు మహమ్మారి ప్రబలి ఎవరి యింట వారు తలుపులు మూసికొన్న సమయము. ఆ దినములలో వైద్యులు, దాదులు, బడిపిల్లలు ఎవరున్నచోట వారుండి ‘లీన్ ఆన్ మి’ని పాడి ఒకరికొకరు ధైర్యము చెప్పుకొనుచుండిరి. మనిషిని మనిషి తాకరాని కాలమున, నామీద ఆనుకొనుమను పాట అందరికి అక్కరకు వచ్చినది.

సోదరీమణులారా! ఆ పాటను గనిపల్లె యిచ్చినది, ఆ పల్లెలోని బాలునకు ధైర్యమును అమ్మమ్మ యిచ్చినది. లూలా సంగీతము నేర్పలేదు, ధనము కూడబెట్టి యియ్యలేదు. నత్తిబిడ్డ మాట పూర్తియగువరకు ఓపికతో విని, వీడు బాగుపడునని నమ్మినది. మన యింట మాట తడబడు బిడ్డ యున్నచో నేటి సాయంకాలము వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, వాక్యమును మనము పూరింపక, వాని నోటినుండియే చివరి మాట వచ్చువరకు వేచియుందము. దానికి ఖర్చు లేదు, కొంచెము తీరిక చాలును.